పడిపోయిన మాను మీద పుట్టిన చెట్లు: పాత అడవిలో మొలక ఎలా బతుకుతుంది?

పోయిన ఎపిసోడ్‌లో గింజల ప్రయాణం గురించి మాట్లాడుకున్నాం. గాలికి ఎగిరేవి, పిట్ట కడుపులో పోయేవి, ఏట్లో కొట్టుకుపోయేవి. అది చూసి చాలామంది ఒకటే అడిగారు. "సరే సార్, గింజ నేల మీద పడింది, వాన పడింది, మొలిచింది. ఆ తర్వాత?"

ఆ తర్వాత చచ్చిపోతుందండీ. దాదాపు ప్రతిసారీ.

ఇది బాధపడాల్సిన విషయం కాదు, చిన్న లెక్క. మూడు వందల ఏళ్లు బతికే చెట్టు ఒకటి ఉందనుకోండి. ఏటా వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. ఆ అడవి పెరగకుండా తరగకుండా ఉన్నది ఉన్నట్టు ఉండాలంటే, ఆ మూడు వందల ఏళ్లలో దాని పిల్లల్లో ఎన్ని పెద్ద చెట్లు కావాలి? ఒక్కటి. సగటున ఒక్కటంటే ఒక్కటి. మిగతావన్నీ పోవాల్సిందే. కాబట్టి మొలకలు ఎందుకు చస్తాయి అన్నది పెద్ద ప్రశ్న కాదు. ఆ ఒక్కటీ ఎక్కడ బతికింది, ఎందుకు బతికింది, అదీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లకు పైగా బోటనీ పాఠం చెప్పాను. చెప్పి కూడా ఈ విషయంలో ఒక పెద్ద తప్పు చేశాను. అది చివర్లో చెప్తాను. ముందు ఒక అడవికి తీసుకెళ్తాను రండి.

రెండేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి సియాటిల్ వెళ్లాం. అక్కడినుంచి కారులో నాలుగు గంటలు వెళ్తే ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో హో అనే నది లోయ వస్తుంది. హో రెయిన్ ఫారెస్ట్ అంటారు. ఏడాదికి మూడున్నర మీటర్ల వాన. మన ఒంగోలులో పడేదానికి సుమారు నాలుగింతలు. సిట్కా స్ప్రూస్, వెస్టర్న్ హెమ్లాక్ అని రెండు రకాల చెట్లు అక్కడ ఎక్కువ. అరవై, డెబ్భై మీటర్ల ఎత్తు. మెడ వెనక్కి వాల్చి చూస్తే టోపీ పడిపోతుంది. గొడ్డలి పడని అడవి అది. కొమ్మల నిండా నాచు వేలాడుతూ ఉంటుంది, నేల మీద నాచు, రాళ్ల మీద నాచు. కాసేపు నిలబడితే మన మీద కూడా పడుతుందేమో అనిపిస్తుంది.

అక్కడ ఒకచోట ఆగిపోయాను. (స్క్రీన్ మీద ఫోటో చూడండి.) అయిదు పెద్ద చెట్లు, తాడు పట్టి నాటినట్టు ఒకే వరసలో ఉన్నాయి. "ఇవి ఎవరు నాటారు బాబూ?" అన్నాను మా అల్లుడితో. "ఇక్కడ ఎవరూ నాటరు మావయ్యగారూ, నేషనల్ పార్క్ కదా" అన్నాడు. దగ్గరికెళ్లి చూస్తే ఇంకో వింత. వేళ్లు నేలలోంచి మొదలవట్లేదు. చెట్టు కాళ్ల మీద లేచి నిలబడినట్టుంది, కింద ఖాళీ. మా మనవడు వంగి ఆ సందులోంచి అవతలి వైపున్న వాళ్లమ్మకి చెయ్యి ఊపాడు.

ఆ ఖాళీ ఒకప్పుడు ఖాళీ కాదు. అక్కడ ఒక పెద్ద మాను పడి ఉండేది. ఈ అయిదు చెట్లూ దాని వీపు మీద మొలిచాయి. వేళ్లు దుంగ పక్కలనుంచి కిందికి జారి నేలని పట్టుకున్నాయి. ఈలోగా, ఈలోగా అంటే వందా రెండొందల ఏళ్లు, దుంగ కుళ్లి మట్టైపోయింది. వరస మిగిలింది, కాళ్లు మిగిలాయి. ఇలాంటి దుంగని వాళ్లు నర్స్ లాగ్ అంటారు. మనం దాది దుంగ అందాం. కన్నది వేరే చెట్టు, పెంచింది ఇది. దాది అంటే అదే కదా.

ఇదేదో అరుదుగా జరిగే ముచ్చట అనుకున్నాను మొదట. కాదు. ఆ లోయలో శాస్త్రవేత్తలు కూర్చుని మొలకలు లెక్కపెట్టారు. పడిపోయిన దుంగలు ఆక్రమించిన చోటు మొత్తం అడవి నేలలో పదో వంతు, అంతకంటే తక్కువే. కానీ చెట్ల పిల్ల మొక్కల్లో నూటికి తొంభైకి పైగా ఆ దుంగల మీదే ఉన్నాయి. మిగిలిన తొమ్మిది వంతుల నేల మీద దాదాపు ఏమీ లేవు. మెత్తటి నేల, సమృద్ధిగా నీళ్లు, వందల ఏళ్ల ఆకులు కుళ్లిన ఎరువు. అయినా లేవు.

ఎందుకు? ఇక్కడ నేను అనుకున్నది కూడా తప్పే. కుళ్లిన కట్టెలో బలం ఉంటుంది, అది తిని పెరుగుతాయి అనుకున్నాను. పేడకుప్ప మీద గుమ్మడి పాదు పెరిగినట్టు. కట్టెలో పోషకాలు మట్టిలో ఉన్నంత కూడా ఉండవండీ. నత్రజని చాలా తక్కువ. దుంగ మీద మొక్క మెల్లగా పెరుగుతుంది. దుంగ ఇచ్చేది తిండి కాదు. చోటు.

హెమ్లాక్ గింజని చూస్తే తెలుస్తుంది. కిలో తూస్తే అయిదు లక్షల గింజలకు పైన. అంత చిన్న గింజలో సద్ది మూట ఎంత ఉంటుంది చెప్పండి? మన చింతగింజకి రెండు లావు పప్పులుంటాయి, కొన్నాళ్లు దాంతో నెట్టుకొస్తుంది. హెమ్లాక్‌కి అదేం లేదు. మొలిచిన రోజునుంచే వెలుతురు పట్టుకుని సంపాదించుకోవాలి. ఏడాది తిరిగేసరికి వేలెడంత ఉంటే గొప్ప. అలాంటిది నేల మీద పడితే చుట్టూ దాని కంటే ఎత్తైన నాచు, దాని మీద కలుపు, ఆ పైన ఫెర్న్ మొక్కల గొడుగులు. నాచు అంటే మనకి చిన్నది. ఆ మొలకకి అదే అడవి. నాచులోనే మునిగిపోయి, వేరు కింద మట్టిని అందుకోకముందే అయిపోతుంది.

ఇది ఊహ కాదు. మార్క్ హార్మన్, జెర్రీ ఫ్రాంక్లిన్ అనే ఇద్దరు ఆ తీరపు అడవుల్లో ఇదే పరీక్షించి 1989లో రాశారు. నేల మీద నాచునీ కలుపునీ తీసేస్తే, అదే నేల మీద మొలకలు మెరుగ్గా నిలిచాయి. నేలలో దోషం లేదు, పోటీలో ఉంది. పడిన దుంగ అంటే ఆ పోటీకి మీటరు ఎత్తున ఉన్న అరుగు.

ఆ అరుగు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. కొత్తగా పడిన మాను మీద బెరడు నున్నగా ఉంటుంది, గింజ నిలవదు, వానకి జారి కింద పడిపోతుంది. కొన్నేళ్లకి పల్చగా నాచు పడుతుంది. అప్పుడు గింజకి పట్టు దొరుకుతుంది, కాస్త తడి దొరుకుతుంది. ఇంకొన్నేళ్లకి నాచు దళసరి అవుతుంది, నాలుగైదు సెంటీమీటర్లు దాటుతుంది. ఇక అది నేల మీద నాచు లాంటిదే, మొలకని మింగేస్తుంది. అంటే ఒక దుంగ మీద తలుపు కొంతకాలమే తెరిచి ఉంటుంది. ఒకే వరసలో చెట్లు ఇంచుమించు ఒకే ఈడువి కనపడటానికి ఇదొక కారణం.

దుంగలు ఎంత నెమ్మదిగా కుళ్లుతాయో తెలుసుకోవడానికి ఇదే హార్మన్ ఒరెగాన్‌లోని ఆండ్రూస్ అడవిలో 1985లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. అయిదు వందలకు పైగా దుంగలు పరిచి, అప్పుడప్పుడూ ముక్క కోసి చూస్తారు. ప్రయోగం ఎన్నేళ్లనుకున్నారు? రెండు వందల ఏళ్లు. 2185 దాకా. మొదలుపెట్టినవాళ్లలో ఎవరూ ముగింపు చూడరు. మా కాలేజీలో మూడు నెలల ప్రాజెక్టుకి సంతకం పెట్టించడానికే నాకు ఆరు నెలలు పట్టేది, సరే అది వదిలేయండి.

ఇంక తడి సంగతి. ఏడాదికి మూడున్నర మీటర్ల వాన పడేచోట మొలక దాహంతో చస్తుందంటే నమ్ముతారా? చస్తుంది. అక్కడ వాన అంతా చలికాలంలో. జూలై, ఆగస్టుల్లో బాగా తగ్గిపోతుంది. అరవై మీటర్ల చెట్టుకి అది లెక్క కాదు, లోతున నీళ్లుంటాయి. కానీ మొలక వేరు రెండంగుళాలు. పైన రెండంగుళాలు ఎండిపోతే దాని మటుకు దానికి అది కరువే. ఇక్కడ బాగా కుళ్లిన దుంగ స్పాంజి లాగా పనికొస్తుంది. చలికాలం పీల్చుకున్న నీళ్లని వేసవిలోకి దాచిపెడుతుంది. అందుకే నేనెప్పుడూ చెప్తాను, వాతావరణ శాఖ ఇచ్చే అంకెలు పెద్ద చెట్టు కోసం. మొలక వాతావరణం మీ అరచేయంత.

ఆ అరచేయంత చోటు ఎప్పుడు తప్పుతుందో కూడా చూశారు వాళ్లు. 2021 జూన్ ఆఖర్లో ఆ ప్రాంతమంతా వడగాడ్పు వచ్చింది. సియాటిల్‌లో 42 డిగ్రీలు. ఏసీ లేని ఇళ్లు చాలా ఉండేవి అక్కడ, మా అమ్మాయి వాళ్లు పిల్లాడిని తీసుకుని మాల్‌లో కూర్చున్నారట రోజంతా. అడవుల్లో హెమ్లాక్, సీడార్ ఆకులు ఎండ తగిలే వైపు ఇస్త్రీ పెట్టె తగిలినట్టు మాడిపోయాయి. పెద్ద చెట్టు మళ్లీ చిగురు వేస్తుంది. దుంగ మీద రెండేళ్ల మొలకకి మళ్లీ వేయడానికి లోపల నిల్వ ఏముంటుంది?

మూడోది తెగులు. మా నాన్న మిరప నారు పోసేవారు. నారుమడిలో ఒక మూల మొక్కలు మొదట్లో మెత్తబడి పక్కకి వాలిపోయేవి, రెండ్రోజుల్లో చాపలా పాకేది. నారుకుళ్లు అంటాం. రైతులందరికీ తెలిసిందే. అడవిలో కూడా ఇదే నారుకుళ్లు. మట్టిలో ఉండే బూజు జాతులు. కెనడాలో తూర్పు హెమ్లాక్ గింజల మీద చూశారు, నేల మీద ఉన్నవాటికంటే దుంగల మీద ఉన్నవి బూజునుంచి ఎక్కువగా తప్పించుకున్నాయి.

దీని గురించి అందంగా చెప్పిన పని పనామాలో జరిగింది. పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కడితే చుట్టూ నీళ్లు నిండి ఒక కొండ ద్వీపం అయిపోయింది. బారో కొలరాడో అంటారు. అక్కడ కెరోల్ ఆగ్‌స్పర్గర్ అనే శాస్త్రవేత్త 1980ల మొదట్లో ప్లాటిపోడియం అనే చెట్టు కింద మొలకల్ని వెంటపడి చూశారు. తల్లి చెట్టుకి దగ్గరగా, నీడలో మొలిచినవి నారుకుళ్లుతో ఎక్కువగా పోయాయి. దూరంగా ఎగిరిపడినవి, ముఖ్యంగా పైన గండి పడి వెలుతురు దిగే చోట మొలిచినవి నిలిచాయి. తల్లి దగ్గరే తల్లిని తినే తెగుళ్లు, పురుగులు కూడా ఉంటాయి కదా మరి. జాన్జెన్ అని ఒకాయన 1970లో, కానెల్ అని ఇంకొకాయన 1971లో విడివిడిగా చెప్పిన సంగతి ఇదే. వేడి దేశాల అడవుల్లో ఎకరంలో అన్ని రకాల చెట్లు ఎందుకుంటాయి అన్నదానికి ఇదొక జవాబు. ఏ చెట్టూ తన కాళ్ల దగ్గర తన పిల్లల్నే పెంచుకోలేదు.

అదే పనామాలో ఇంకో పని. 48 జాతుల నారుమొక్కలు తీసుకుని, ఎండాకాలంలో కొన్నిటికి నీళ్లు పోశారు, కొన్నిటికి పోయలేదు. నీళ్లు లేకపోతే తట్టుకోలేని జాతులు ఏవో తేలింది. తర్వాత దేశం మొత్తం చూస్తే, ఆ తట్టుకోలేని జాతుల పెద్ద చెట్లు వాన తక్కువ పడే పసిఫిక్ వైపు అడవుల్లో అరుదు. చూశారా, పెద్ద చెట్టు ఎక్కడ ఉండాలో అది వేలెడంత ఉన్నప్పుడే తేలిపోతోంది.

ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను, ఇది నాకు భలే నచ్చింది. కోస్టారికాలో లా సెల్వా అనే అడవిలో కూల్‌డ్రింక్ తాగే స్ట్రాలు, ఇనుప తీగతో ఉత్తుత్తి మొలకలు చేసి నేలలో గుచ్చారు. వాటిని పురుగు తినదు, తెగులు రాదు, దాహం లేదు. అయినా ఎన్నో విరిగాయి, వంగిపోయాయి. ఎందుకు? పైనుంచి రాలే కొమ్మలు, తాటాకుల్లాంటి పెద్ద ఆకులు. మొలక నెత్తిన పడితే ఇల్లు కూలినట్టే.

వెలుతురు దగ్గరికి రాలేదు ఇంకా. గుబురుగా ఉన్న అడవిలో పైన పడ్డ వెలుతురులో నూటికి ఒకటో రెండో వంతులు కిందికి దిగుతుంది. హెమ్లాక్‌కి అది చాలు. బతకడానికి చాలు, పెరగడానికి కాదు. అందుకని ఎదురుచూస్తుంది. నడుమెత్తు మొక్క చూసి అయిదారేళ్లది అనుకుంటాం, దశాబ్దాలది అయ్యుండొచ్చు. పక్క చెట్టు గాలికి కూలి, పైన గండి పడిన రోజున లేస్తుంది. డగ్లస్ ఫర్ అని అదే ప్రాంతంలో ఇంకో మహావృక్షం ఉంది, అయిదు వందల ఏళ్లవి ఉన్నాయి. దాని పిల్ల ఆ నీడలో నిలవదు. దానికి నేల కాలి శుభ్రపడాలి, ఎండ కావాలి. ఎప్పుడో పెద్ద మంట వచ్చిన తర్వాత పుట్టిన తరం అది. దాని కింద చూస్తే దాని సంతానం కనపడదు, హెమ్లాక్ పిల్లలు కనపడతాయి.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హో అడవి పాఠం తీసుకొచ్చి నల్లమలకి అతికిస్తే కుదరదు. మన దగ్గర దుంగ పడితే చెదలు తింటాయి, లేదా వేసవి మంటలో కాలిపోతుంది. మన ఎండు అడవిలో మొలకని చంపేవి వేరే. మార్చి నుంచి జూన్ దాకా ఎండ, ఆకు రాలాక వచ్చే నేల మంట, పశువుల మేత. తునికాకు మంచి చిగురు రావాలని కావాలని పెట్టే మంటలు కూడా ఉన్నాయి, అందరికీ తెలుసు.

మన చెట్లు దీనికి వేరే దారి పట్టాయి. టేకు మొలక పైభాగం మంటకి కాలిపోతుంది, వేరు మిగులుతుంది. వానకి మళ్లీ లేస్తుంది. మళ్లీ కాలుతుంది, మళ్లీ లేస్తుంది. ఇలా ఏళ్ల తరబడి. పైకి చూస్తే జానెడు మొక్క, కింద మణికట్టంత వేరు. నారయేపి అయితే మొదటి వానలకే వేరుని లోతుకి దింపేస్తుంది, పైన రెండాకులే కనపడతాయి. మంట లేని రెండు మూడేళ్లు వరసగా దొరికితే ఆ వేరు బలంతో ఒక్కసారి పైకి దూకుతుంది. దొరక్కపోతే? ముదుమలై అడవిలో 1988 నుంచి యాభై హెక్టార్లలో ఒక సెంటీమీటరు లావు దాటిన ప్రతి మొక్కకీ నంబరు కట్టి చూస్తున్నారు. ఏ ఏడు మంట వచ్చింది, ఏ ఏడు ఏనుగులు విరిచాయి, ఏ చిన్న మొక్క మిగిలింది, అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి.

ఇంక నా తప్పు. మా ఊరి చివర పోలేరమ్మ తోపు ఉంది. రెండెకరాలు ఉంటుందేమో. చింతలు, నేరేళ్లు, వేపలు, మా తాత చిన్నప్పటికే పెద్ద చెట్లు. కింద అంతా కలివి పొదలు, ముళ్లు, పడిపోయిన కొమ్మలు, పాములు. 2011లో ఊళ్లో పెద్దలు తోపుని బాగుచేద్దామన్నారు. నేనే ముందు పదివేలు ఇచ్చాను. బోటనీ సారు ఇచ్చాడంటే ఇంకెవరు కాదంటారు? జేసీబీ పెట్టి పొదలన్నీ పెరికేశాం. పడిన మాన్లు వేలం వేశాం. గ్రావెల్ తోలించాం. వరసగా మొక్కలు నాటి, చుట్టూ ఇనుప జాలీలు పెట్టాం. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

నాటినవాటిలో ఒక్కటి లేదు ఇవాళ. నీళ్లు పోసేవాళ్లు రెండో వేసవికి మానేశారు. అది ఎక్కడైనా జరిగేదే. నన్ను పట్టుకున్నది అది కాదు. హో నుంచి తిరిగొచ్చాక తోపుకెళ్లి, మా మనవడి ఈడు చెట్టు ఒక్కటైనా ఉందా అని వెతికాను. లేదు. అంతా ముసలి చెట్లు. 2011 తర్వాత పుట్టిన వేప ఒక్కటి లేదు, వేప! గోడ పగుల్లో మొలిచే వేప. అక్కడ మేకలు తోలుకునే పెద్దావిడ నన్ను చూసి అంది, "పొదలు కొట్టించారుగా అయ్యా, ఇంక పిల్ల యాడ దాక్కుంటది?"

ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఆవిడ చెప్పింది. కలివి పండు కోసం పిట్టలు పొదల మీద వాలతాయి, తిన్న వేప గింజో నేరేడు గింజో అక్కడే వేస్తాయి. ముళ్లుంటాయి కాబట్టి మేక మూతి పెట్టదు. పొద నీడకి నేల కొంచెం చల్లగా ఉంటుంది, రాలిన ఆకు కింద తడి నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. అక్కడ దుంగ చేసే పని ఇక్కడ ముళ్లపొద చేస్తోంది. ఆ దాదినే నేను డబ్బులిచ్చి పీకించాను.

ఇది విని ఏ ముళ్లపొదైనా సరే అనుకోకండి. సర్కారు తుమ్మని వదిలితే అది తన కింద దేన్నీ లేవనివ్వదు. దాన్ని మొలకగా ఉన్నప్పుడే పీకాలి. కలివి, రేగు లాంటి మన పొదల గురించి చెప్తున్నాను.

పోయిన ఏడు కమిటీ వాళ్లని ఒప్పించి గుడి వెనక పావు ఎకరం అడిగాను. చుట్టూ కంప వేశాం. గ్రావెల్ చేత్తోనే ఎత్తించాం. పొలాల గట్లమీద నుంచి కలివి మొక్కలు తెచ్చి పెట్టాం, వాటికి మాత్రమే నీళ్లు పోశాం. ఇంకేం నాటలేదు. ఊళ్లో కుర్రాళ్లు నవ్వారు, "సారు ముళ్లు పెంచుతున్నాడు" అని. తుపానుకి విరిగిన చింత కొమ్మ ఒకటి లోపల పడితే దాన్ని తియ్యనివ్వలేదు, దాని మీద చిన్న గొడవ కూడా అయింది. వంటచెరుకు కదా పాపం, అడిగినవాళ్లకి నా ఇంట్లోంచి కట్టెలు ఇచ్చాను.

నవంబరులో లోపల పదకొండు వేప మొలకలు, మూడు నేరేడు. ఎర్ర దారం కట్టి నంబర్లు వేశాను. మొన్న మే ఆఖర్లో చూస్తే వేపలు నాలుగు, నేరేడు సున్నా. ఆ నాలుగులో మూడు కొమ్మ నీడలో ఉన్నవి, ఒకటి కలివి మొదట్లో. బయట, కంప అవతల, ఒక్కటీ లేదు.

ఆ నాలుగింటి ఫోటోలు ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నాయి. రెండో నంబరుది పైన మాడిపోయింది, కానీ పీకి చూడలేదు, వేరు బతికే ఉందని నా అనుమానం. వానలు పడ్డాక తెలుస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో చెదల గురించి మాట్లాడుకుందాం, చాలామంది అడుగుతున్నారు. ఉంటానండీ, నమస్తే.